తెల్లారేసరికి మారిపోయే కారు

రాత్రి ఇంటిముందు ఆపిన కారే పొద్దున్నా ఉంటుంది. రంగు అదే, చక్రాలు అవే, నంబరు ప్లేటూ అదే. నడిచే తీరు మాత్రం వేరు! ఎలక్ట్రిక్ కార్ల కాలంలో ఇది వింతేమీ కాదు. సెల్‌ఫోనుకు వచ్చినట్టే కారుకీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వస్తుంది. ఫోనులో అయితే నాలుగు బొమ్మలు అటూ ఇటూ అవుతాయి. కాసేపు తడుముకుని మళ్లీ అలవాటు పడిపోతాం. కారులో మారేది బ్రేకు, స్టీరింగు. గంటకు వంద కిలోమీటర్ల వేగంలో తడుముకునే తీరిక ఎవరికి ఉంటుంది?

ఈ కథ అమెరికాలో మొదలైంది. 2014 అక్టోబరు నుంచి టెస్లా కంపెనీ తన మోడల్ ఎస్ కార్లకు ముందువైపు ఓ కెమెరా, ఓ రాడార్, చుట్టూ పన్నెండు అల్ట్రాసోనిక్ సెన్సర్లు అమర్చి అమ్మడం మొదలుపెట్టింది. కళ్లూ చెవులూ ఉన్నాయి కానీ వాటన్నిటినీ వాడుకునే తెలివి అప్పటికింకా లేదు. సరిగ్గా ఏడాది తర్వాత, 2015 అక్టోబరులో, ఆ తెలివి ఇంటర్నెట్ ద్వారా వచ్చింది. 7.0 పేరుతో వచ్చిన ఆ అప్‌డేట్‌తో కారు తన వరసలో తానే స్టీరింగు తిప్పుకుంటూ వెళ్లడం నేర్చుకుంది. దానిపేరు ఆటోస్టీర్. యజమాని షోరూముకు వెళ్లలేదు, మెకానిక్‌ను పిలవలేదు. పొద్దున్నే లేచి చూస్తే కారుకు కొత్త విద్య వచ్చింది!

ఆ సంబరం ఎంతో కాలం నిలవలేదు. స్టీరింగు వదిలేసి కూర్చున్నవాళ్ల వీడియోలు ఇంటర్నెట్‌లో కనిపించసాగాయి. 2016 జనవరిలో వచ్చిన 7.1 అప్‌డేట్‌తో కంపెనీ కొంత కళ్లెం వేసింది. ఇళ్ల మధ్య వీధుల్లో, మధ్యలో డివైడర్ లేని దారుల్లో ఆటోస్టీర్ వేగానికి హద్దు పెట్టింది. ఇచ్చిన చేత్తోనే కొంత వెనక్కి తీసుకుందన్నమాట.

అదే ఏడాది మేలో ఫ్లోరిడాలో ఘోరం జరిగింది. ఆటోపైలట్ మీద వెళుతున్న మోడల్ ఎస్, రోడ్డుకు అడ్డంగా మలుపు తిరుగుతున్న లారీ ట్రైలర్ కిందకు దూసుకెళ్లింది. డ్రైవరు చనిపోయాడు. మిగతా కార్లలో మార్పు ఎలా వచ్చింది? మళ్లీ అప్‌డేట్ రూపంలోనే. ఆ సెప్టెంబరులో వచ్చిన 8.0తో రాడార్‌కు ప్రాధాన్యం పెరిగింది. హెచ్చరికలను పదేపదే పట్టించుకోకపోతే, కారును పార్క్ చేసేదాకా ఆటోస్టీర్ మళ్లీ పనిచేయకుండా చేశారు.

మంచీ ఉంది!

అప్‌డేట్ అంటే భయపడాల్సిందే అనుకుంటే పొరపాటు. 2018 మేలో అమెరికాలోని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక టెస్లా మోడల్ 3 బ్రేకులను పరీక్షించింది. గంటకు 60 మైళ్ల వేగంలో బ్రేకు తొక్కితే కారు 152 అడుగుల దూరం వెళ్లి ఆగింది. ఇది చాలా ఎక్కువని పత్రిక పెదవి విరిచింది. రోజుల వ్యవధిలోనే అప్‌డేట్ వచ్చింది. మళ్లీ పరీక్షిస్తే 133 అడుగుల్లోనే ఆగింది. ఒక్క నట్టు బిగించకుండా 19 అడుగులు తగ్గింది. జీబ్రా క్రాసింగు మీద నడుస్తున్న మనిషికి ఆ 19 అడుగులంటే ప్రాణమే.

ఎలా సాధ్యం?

పాతకాలపు కారులో బ్రేకు తొక్కితే ఆ బలం గొట్టాల ద్వారా చక్రానికి చేరేది. ఇప్పటి కారులో ఎప్పుడు ఆపాలి, ఎంత గట్టిగా ఆపాలి, ముందు కారుకు ఎంత దూరంలో ఉండాలి అన్న నిర్ణయాల్లో కంప్యూటర్ పాత్ర పెరిగింది. అందులోని సూచనలు మారితే ప్రవర్తనా మారుతుంది.

పైగా కెమెరా చూసిందేమిటో గుర్తుపట్టే పని న్యూరల్ నెట్‌వర్కులది. వీటికి ‘ఇది లారీ, ఇది మనిషి’ అని ఒక్కొక్కటీ రాసిపెట్టరు. రోడ్ల మీద తిరిగే కార్ల నుంచి సేకరించిన వీడియోలు చూపించి తర్ఫీదు ఇస్తారు. చిక్కల్లా ఇక్కడే వస్తుంది. కారులో అరిగిన బెల్టు మారిస్తే ఆ బెల్టు ఒక్కటే మారుతుంది. నెట్‌వర్కుకు కొత్తగా తర్ఫీదు ఇస్తే, నేర్పాలనుకున్నది నేర్చుకుంటూనే, బాగా చేస్తున్న ఇంకో పనిలో తడబడవచ్చు. నిన్నటిదాకా ఫ్లైఓవరు నీడను పట్టించుకోని కారు, ఇవాళ దాన్ని చూసి బ్రేకు వేయవచ్చు. అందుకే కంపెనీలు అప్‌డేట్‌ను ఒకేసారి అందరికీ పంపవు. ముందు కొన్ని కార్లకు పంపి చూస్తాయి.

అయినా తప్పులు దొర్లుతాయి. 2021 అక్టోబరులో టెస్లా ‘ఫుల్ సెల్ఫ్ డ్రైవింగ్’ ప్రయోగాత్మక రూపం 10.3ని విడుదల చేసింది. కారులోని రెండు చిప్‌ల మధ్య సమాచారం సరిగా అందకపోవడంతో, ఎదురుగా ఏమీ లేకున్నా ఢీకొంటున్నట్టు హెచ్చరికలు వచ్చాయి. కొన్నిచోట్ల బ్రేకులు వాటంతటవే పడ్డాయి. కంపెనీ వెంటనే దాన్ని వెనక్కి తీసుకుని సరిచేసింది. లెక్క తేలిన కార్లు 11,704.

కన్నే మారిపోతే...

2021 మేలో మరో పెద్ద మార్పు వచ్చింది. అమెరికాలో అమ్మే మోడల్ 3, మోడల్ వై కార్లకు టెస్లా రాడార్ తీసేసింది. ఇకపై కెమెరాలే దిక్కు. కొత్త పద్ధతి కుదురుకునేదాకా ఆటోస్టీర్ వేగాన్ని గంటకు 75 మైళ్లకు పరిమితం చేసి, ముందు కారుతో ఉంచే దూరాన్ని పెంచింది. తర్వాత అప్‌డేట్లతో ఆ హద్దులను సడలించింది. 2022 ఫిబ్రవరిలో అమెరికా రహదారి భద్రతా సంస్థ విచారణ మొదలుపెట్టింది. కారణం, కార్లు అకారణంగా బ్రేకు వేస్తున్నాయని తొమ్మిది నెలల్లో అందిన 354 ఫిర్యాదులు. వాటి పరిధిలోకి వచ్చిన కార్లు దాదాపు 4 లక్షల 16 వేలు. వెనకాల లారీ వస్తుండగా ఖాళీ రోడ్డు మీద కారు ఠక్కున ఆగితే ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

షెడ్డుకు వెళ్లని రీకాల్

ఒకప్పుడు రీకాల్ అంటే కారును షెడ్డుకు తీసుకెళ్లడమే. ఇప్పుడు కారు కదలకుండానే రీకాల్ అయిపోతోంది. దీనికి తమాషా ఉదాహరణ ఒకటుంది. అమెరికాలో ‘స్టాప్’ బోర్డు ఉన్న కూడలిలో చక్రం పూర్తిగా ఆగాలన్నది చట్టం. చాలామంది డ్రైవర్లు నెమ్మదించి జారుకుంటారు. 2020లో టెస్లా ఈ అలవాటును కారుకీ నేర్పింది! కొన్ని షరతులతో గంటకు తొమ్మిది కిలోమీటర్ల వేగం దాకా ఆగకుండా కూడలి దాటేలా రాసింది. ప్రభుత్వం అభ్యంతరం చెప్పడంతో 2022లో 53,822 కార్ల నుంచి ఆ విద్యను అప్‌డేట్‌తోనే తీసేయాల్సి వచ్చింది. ఒక డ్రైవరు తప్పు చేస్తే ఒక్క చలానా. సాఫ్ట్‌వేర్ తప్పు నేర్చుకుంటే వేల కార్లు ఒకేసారి అదే తప్పు చేస్తాయి.

2023 డిసెంబరులో 20 లక్షలకు పైగా టెస్లా కార్లకు రీకాల్ వచ్చింది. డ్రైవరు దృష్టి రోడ్డు మీద ఉండేలా ఆటోపైలట్ హెచ్చరికలను పెంచారు. సమస్య తీరిందా అంటే, అవునని చెప్పలేని పరిస్థితి. ఆ అప్‌డేట్ తర్వాత కూడా ప్రమాదాలు జరిగాయంటూ 2024 ఏప్రిల్లో భద్రతా సంస్థ మరో విచారణ ప్రారంభించింది. మార్పుల్లో కొన్నింటిని యజమాని ఒప్పుకుంటేనే అమలు చేయడం, వాటిని డ్రైవరు తేలిగ్గా తిరగరాసుకునే వీలుండటం ఆ సంస్థ ఎత్తిచూపిన లోపాలు.

చైనాలోనూ ఇదే తలనొప్పి. 2025 మార్చిలో అన్హుయీ రాష్ట్రంలో షావోమీ ఎస్‌యూ7 కారు ప్రమాదంలో ముగ్గురు చనిపోయారు. ఆ మరుసటి నెలలోనే ప్రభుత్వం కంపెనీలను పిలిచి, కొనుగోలుదారుల మీద ప్రయోగాలు వద్దని, ప్రకటనల్లో ‘తనంత తానే నడిచే కారు’ లాంటి మాటలు వాడొద్దని గట్టిగా చెప్పింది. సెప్టెంబరులో షావోమీ 1,16,887 ఎస్‌యూ7 కార్లను సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తామని ప్రకటించింది. ఐరోపాలోనేమో ఐక్యరాజ్యసమితి 156వ నిబంధన ప్రకారం అప్‌డేట్లకు ఒక పద్ధతి, లెక్కాపత్రం ఉండాలి. 2024 జులై నుంచి అక్కడ అమ్మే కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి.

మన ఇంట్లో సంగతి

మన దేశంలోనూ ఎంజీ జడ్‌ఎస్ ఈవీ, బీవైడీ ఆటో 3, మహీంద్రా బీఈ 6, టాటా హారియర్ ఈవీ లాంటి కార్లలో ఈ ‘అడాస్’ సౌకర్యాలు వచ్చేశాయి. అప్‌డేట్ల నిర్వహణకు ఏఐఎస్-190 పేరుతో ప్రమాణమూ తయారైంది. అయితే మన దగ్గర ఇంకో మెలిక ఉంది. కారు ఒకటే, నడిపేవాళ్లు ముగ్గురు నలుగురు. అప్‌డేట్ సందేశం నాన్న ఫోనుకు వస్తుంది. పొద్దున కారు తీసేది కొడుకో, కోడలో, జీతానికి కుదిరిన డ్రైవరో. బ్రేకు పడే దూరం మారిందని, మలుపులో స్టీరింగు పట్టు మారిందని వాళ్లకు చెప్పేదెవరు? ఆటోలు అడ్డం వచ్చే, గేదెలు నిలబడే, గీతలు చెరిగిపోయిన రోడ్ల మీద ఆ చిన్న తేడానే పెద్దదవుతుంది.

ఇవన్నీ నిపుణుల భాషలో ‘లెవల్ 2’ సౌకర్యాలు. అంటే కారు స్టీరింగు, వేగం చూసుకుంటున్నా రోడ్డు మీద కన్నేసి ఉండాల్సింది మనిషే. అప్‌డేట్ ఎన్నిసార్లు వచ్చినా ఆ బాధ్యత మారదు.

కాబట్టి కొన్ని జాగ్రత్తలు పాటిస్తే మంచిది.

- అప్‌డేట్‌తోపాటు వచ్చే వివరాలను చదవకుండా ‘సరే’ నొక్కొద్దు. బ్రేకు, స్టీరింగు, వరస, వేగం అన్న మాటలు కనిపిస్తే రెండోసారి చదవాలి.

- దూరప్రయాణానికి ముందురోజు రాత్రి అప్‌డేట్ పెట్టొద్దు. పెట్టాక తెలిసిన, రద్దీ లేని దారిలో కాసేపు నడిపి చూడాలి.

- హెచ్చరికలు, అత్యవసర బ్రేకు సెట్టింగులు మునుపటిలాగే ఉన్నాయో లేదో చూసుకోవాలి.

- ఆ కారు నడిపే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా డ్రైవరుకు, ఏం మారిందో నోటితో చెప్పాలి.

- పాత కారు కొనేటప్పుడు ఏ సౌకర్యాలు కారుతోపాటు వస్తాయో కంపెనీని అడిగి రాయించుకోవాలి. అమెరికాలో పాత మోడల్ ఎస్ కొన్న ఒకరికి ఆటోపైలట్ మాయమైంది. గొడవయ్యాక గానీ తిరిగి రాలేదు.

- ఏదైనా తేడా కనిపిస్తే తేదీ, చోటు రాసి కంపెనీకి ఫిర్యాదు చేయాలి. అమెరికాలో విచారణ మొదలైంది అలాంటి 354 ఫిర్యాదులతోనే.

కారుకు కొత్త విద్య రావడానికి అరగంట చాలు. బ్రేకు మీది కాలికి, స్టీరింగు మీది చేతికి పాత అలవాటు పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ కొన్ని రోజులూ కాస్త నెమ్మదిగా వెళ్లడమే క్షేమం.