మీటరును మనమే చేసికొందము

ప్రయోగశాల పరికరములన్నియు కొనవలసినవే అను అభిప్రాయముతో మేము ఏకీభవింపము. 1956లో ట్రాంబేలో అప్సర రియాక్టరు నడిచినప్పుడు దాని నియంత్రణ పరికరములను నిర్మించినది మన ఇంజనీర్లే. వారికి నాయకుడు తెలుగువాడైన అయ్యగారి సాంబశివరావు. 1967లో హైదరాబాదున ఇ.సి.ఐ.ఎల్. ను నెలకొల్పినవారును ఆయనయే.

కోటవురట్ల విద్యార్థికి అంత పని అక్కరలేదు. ఒక మిల్లీ ఆంపియరుకు ముల్లు చివరకు చేరునట్టి, 100 ఓముల మీటరుకు 9,900 ఓముల నిరోధమును వరుసలో కలిపినచో 10 వోల్టుల వరకు కొలుచు వోల్టుమీటరు సిద్ధము. ఇక 9 వోల్టుల బ్యాటరీకి 10,000 ఓముల నిరోధములు రెండింటిని వరుసలో కలిపి, ఒకదానిపై కొలిచి చూడుడు. రావలసినది 4.5, ముల్లు చూపునది 3! మీటరు చెడలేదు. కొలువవచ్చిన మీటరే కొంత కరెంటును తాను లాగికొన్నది. 10 మెగ్ ఓముల డిజిటల్ మీటరైనచో ఇంచుమించు 4.5 చూపి ఊరకుండును. విద్యార్థికి సందేహమే కలుగదు.

చేతి మీటరు ఖచ్చితము కాదందురు. నిజమే. సరిచూచుటకు కొన్న మీటరొకటి ఉండవలసినదే, కాని బీరువాలో తాళము వేసి కాదు. (గోడ ప్లగ్గు జోలికి మాత్రము పోరాదు.)

వచ్చే సంవత్సరము కొనదలచిన మీటర్లలో ఒకదాని ఖరీదును నిరోధములకు, సోల్డరింగు ఐరన్లకు కేటాయింపవలసినదిగా కమిటీవారిని కోరుచున్నాము.