కాగితం లేని ప్రయాణం



సెలవులు దగ్గరపడగానే పిల్లలున్న ప్రతి ఇంటా ఒక చర్చ మొదలవుతుంది: ఎక్కడికి వెళదాం, ఎన్ని చూద్దాం? ఈ రెండు ప్రశ్నలలో మొదటిది సహజమైనది. రెండవది మాత్రం సకల అనర్థాలకూ మూలమని నా అభిప్రాయం. ముప్ఫైయేళ్ళకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాణ్ణి కనుక పిల్లల సంగతి నాకు తెలుసుననే అహంకారం నాకుండేది. అది ఎలా వదిలిందో చెప్పడానికే ఈ టపా.

2022 డిసెంబరులో మా అబ్బాయి, కోడలు, ఇద్దరు పిల్లలు, మా దంపతులం కలిసి అరకులోయకు వెళ్ళాము. మనవరాలికి అప్పుడు ఎనిమిదేళ్ళు, మనవడికి నాలుగు. ప్రయాణ ప్రణాళిక నాది. బడి పిల్లలను ఎన్నోమార్లు విహారయాత్రలకు తీసుకువెళ్ళిన అనుభవంతో ఒక తెల్లకాగితం మీద గంటలు, నిమిషాలతో సహా పట్టిక వేశాను. చూసినవారెవరైనా దానిని పదవ తరగతి పరీక్షల టైంటేబులు అనుకునేవారు.

ముందురోజు రాత్రి హైదరాబాదు నుండి విశాఖకు రైలు. అయిదేళ్ళు నిండని బిడ్డకు బెర్తు కోరకపోతే టిక్కెట్టు అక్కరలేదు కదా అని మనవడికి బెర్తు తీసుకోలేదు. ఆ పొదుపు ఫలితంగా వాడూ నిద్రపోలేదు, వాళ్ళమ్మా నిద్రపోలేదు. విశాఖలో దిగిన మరునాడు తెల్లవారుజామున నాలుగింటికే అందరినీ లేపాను. మా ఆవిడా, కోడలూ బసలో రెండింటికే లేచి పులిహోర కలిపారు. కొండ రైలులో సుమారు నాలుగు గంటల ప్రయాణం. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లలు కేకలు వేశారు. ఆ రోజంతటిలో వారు నిజంగా ఆనందించింది అంతే. తరువాత గిరిజన మ్యూజియం, పద్మాపురం ఉద్యానవనం, చాపరాయి, తిరుగుదారిలో గాలికొండ, ఆపైన బొర్రా గుహలు, రాత్రికి విశాఖ. అన్నీ ఒక్కరోజులో!

బొర్రా చేరేసరికి మనవడు మా ఆవిడ ఒడిలో నిద్రపోతున్నాడు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు. మెట్లు దిగలేనని బయటనే కూర్చుంది. వాణ్ణి లేపి తీసుకురమ్మన్నాను.

"మామయ్యగారూ, వాడు ఇప్పుడే పడుకున్నాడండీ. గుహలు ఎక్కడికీ పోవు కదా" అంది కోడలు.

"మళ్ళీ ఎప్పుడు వస్తాం? ఇంత ఖర్చుపెట్టి వచ్చింది నిద్రపోవడానికా?" అన్నాను. అన్న తీరు కూడా మంచిది కాదు. ఆమె మారు పలకలేదు. కళ్ళనీళ్ళు నింపుకుని పక్కకు తిరిగింది.

నేను మనవరాలిని వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి, సున్నపురాతిని కరిగించుకున్న నీరు బొట్టుబొట్టుగా జారి యుగాల తరబడి ఈ ఆకృతులను ఎలా పోసిందో పాఠం చెప్పాను. శ్రద్ధగా విన్నట్టే విని, "తాతా, ఇంకా ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది. శిలల లెక్క అడుగుతున్నదనుకుని మురిసిపోయాను. తాను అడిగింది శిలల లెక్క కాదు, నా కాగితంలో ఇంకా మిగిలిన ప్రదేశాల లెక్క.

ఘాట్ రోడ్డు మలుపులలో పిల్లలిద్దరికీ వాంతులయ్యాయి. బసకు చేరేదాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. మరుసటి ఏడు సెలవులకు వారు మాతో రాలేదు. కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరికీ తెలుసు.

ఆ ఏడాది ఖాళీగా ఉన్న ఇంట్లో కూర్చుని మాటల గురించి ఆలోచించాను. పండితుడికి అంతకన్న వేరే పని ఏముంటుంది? విహారమంటే సంచారం, క్రీడ. కాని బౌద్ధ భిక్షువుల నివాసానికీ అదే పేరు. ఊరూరా తిరిగే ఆ భిక్షువులు సైతం వానకాలం ఒకచోట నిలిచేవారు. విశాఖ దగ్గరి తొట్లకొండ మీద సముద్రానికి అభిముఖంగా ఉన్న శిథిలాలను చూస్తే ఆ నిలకడ విలువ తెలుస్తుంది. ఒకే మాటలో తిరగడమూ ఉంది, ఉండిపోవడమూ ఉంది. మనం మొదటి అర్థాన్ని పట్టుకుని రెండవదాన్ని వదిలేశాము. సెలవు అన్న మాటకూ అనుమతి అని ఒక అర్థం, వ్యయమని మరొక అర్థం. వ్యయం మనం చక్కగానే చేస్తున్నాము. పిల్లలకు అనుమతి ఇవ్వడమే మరచిపోయాము.

మన పెద్దల ప్రయాణాలలో మజిలీ ఉండేది. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మేలో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. మజిలీ మజిలీకీ ఆగుతూ సాగిన యాత్ర అది. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు సరేసరి. యతి వెంట నడిచే గోపబాలుడు ఊరికే బయలుదేరలేదు, షరతు పెట్టి బయలుదేరాడు. ప్రతి మజిలీలోనూ తాను అడిగినదానికి గురువు కథ చెప్పాలి. ఏమి చూడాలో పెద్దవాడు నిర్ణయించలేదు. చూసి ఆశ్చర్యపడేది పిల్లవాడు, జవాబు చెప్పేది గురువు. పిల్లలతో ప్రయాణానికి ఇంతకు మించిన ప్రణాళిక నాకు తెలియదు. ఆ కథలను ఎన్నిసార్లో చదివి కూడా ఆ సంగతి గ్రహించలేకపోయాను.

2024 దసరాకు ముందు మనవరాలు ఫోను చేసింది. "తాతా, నువ్వు కాగితం రాయకపోతే వస్తాం" అంది. షరతు!

ఒప్పుకున్నాను. మళ్ళీ అరకే. ఒకే బస, మూడు రోజులు. రోజుకు ఒక్కటే చూడాలి, మధ్యాహ్నం ఏమీ ఉండకూడదు. ఏమి చూడాలో పిల్లలు చెరొకటి, మా ఆవిడ ఒకటి ఎంచుకుంటారు. వంట ఊసు లేదు, కోడలు గరిటె ముట్టుకోకూడదు. పిల్లలిద్దరికీ రైలులో బెర్తులు తీసుకున్నాము. అయిదు నుండి పన్నెండేళ్ళ లోపు వారికి ప్రత్యేక బెర్తు కోరితే 2016 ఏప్రిల్ నుండి పూర్తి ఛార్జీయే. అయినా ఆ సొమ్ము దండుగ కాదని ప్రమాణపూర్వకంగా చెబుతున్నాను.

మనవడు ఎంచుకున్నది అరకు స్టేషను. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చడం కోసం 1960లలో జపాను సహకారంతో వేసిన దారి అది. గూడ్సు బండి వస్తే వాడు పెట్టెలు లెక్కపెట్టాలి, తప్పితే మళ్ళీ మరో బండి కోసం ఆగాలి. రెండు గంటలు అక్కడే కూర్చున్నాము. "ఈ మట్టి ఎందుకు ఎర్రగా ఉంది తాతా?" అని వాడే అడిగాడు. అప్పుడు చెప్పిన జవాబు వాడికి నేటికీ గుర్తుంది. మా ఆవిడ ఎంచుకున్నది కాఫీ తోటల నీడ. మనవరాలు పద్మాపురంలో బొమ్మ రైలు కోరింది. ఒక మధ్యాహ్నం నిద్ర లేచేసరికి వసారాలో కోడలు పుస్తకం చదువుకుంటూ కనిపించింది. పెళ్ళయి మా ఇంటికి వచ్చాక ఆమె పగటిపూట చదువుకోవడం నేను చూడటం అదే మొదలు. ఇన్నేళ్ళూ ఎవరి సెలవులను ఎవరు మోశారో ఆ క్షణాన తెలిసివచ్చింది.

బొర్రా గుహలకు వెళ్ళలేదు. "అవి ఎక్కడికీ పోవు కదమ్మా" అని నేనే అన్నాను. కోడలు నవ్వింది. క్షమాపణ అనే మాటను నేను నోటితో అనలేదు. అనవలసింది. ఈ టపా ఆమె చదువుతుందని తెలిసే రాస్తున్నాను.

ఏడాదికొకసారి బయలుదేరే మధ్యతరగతి కుటుంబానికి, పెట్టిన రూపాయికి నాలుగు ప్రదేశాలైనా చూడాలనిపించడం సహజమేనని మీరు అనవచ్చు. కాదనను. బడిపంతులు జీతంతో ఇల్లు నడిపినవాణ్ణి, ఆ లెక్క నాకూ తెలుసు. కాని 2022లో అన్నీ చూసిన పిల్లలకు నేడు గుర్తున్నవి సొరంగాలలో వేసిన కేకలు, కారులో వాంతులు. ఇందులో గిట్టుబాటు ఎక్కడుంది? మూడు రోజుల బసకు అద్దె కొంత ఎక్కువైనా, కారు తిరుగుడు తగ్గి చాలావరకు సరిపోయింది.

ముందు చూపు వద్దని కాదు నా భావం. టిక్కెట్లు, బస, మందుల సంచి ముందే సిద్ధం చేసుకోవలసిందే. 2024 నవంబరు 1 నుండి రైలు రిజర్వేషను గడువును 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించారు కనుక, పండుగ సెలవులకు తేదీ గుర్తుపెట్టుకుని కూర్చోవాలి. పెద్దలు ఏర్పాటు చేయవలసింది ఇంతవరకే. ఆ తరువాతి సమయం పిల్లలది.

ఈసారి సెలవులకు మీరు పట్టిక వేసుకుని ఉంటే, అందులో సగం కొట్టివేయండి. మిగిలిన సగంలో ఒకటి మీ ఇంట్లో అందరికన్న చిన్నవారిని ఎంచుకోనివ్వండి. వారేమి ఎంచుకున్నారో వచ్చాక నాకూ చెప్పండి. గూడ్సు పెట్టెల కన్నా వింతైనదేమైనా ఉంటుందేమో చూద్దాం.

సెలవు.