తలుపు పిల్లికి, పాముకు కాదు



మన పిడుగురాళ్ల చుట్టుపక్కల పల్లెల్లో పత్తి తీతలు మొదలైతే ఇంట్లో ఒక గది పత్తితో నిండిపోతుంది. పత్తి గింజల కోసం ఎలుకలు చేరతాయి. ఎలుకల కోసం పిల్లిని పెంచుతాం. అది వచ్చిపోవడానికి రాత్రంతా తలుపు ఓరగా వేసి ఉంచుతాం, లేదా తలుపు అడుగున చెక్క కోసి కన్నం వదిలేస్తాం. ఇది మంచి పద్ధతి కాదని నా అభిప్రాయం. ఆ దారి పిల్లికి మాత్రమేనని కన్నానికి తెలియదు గదా!

ఎలుక వెళ్లే చోటికి పాము కూడా వెళుతుంది. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేలమీద పడుకున్నవారిని అది కరిస్తే ఒక్కోసారి నొప్పే తెలియదు. విషం మాత్రం నరాల మీద పనిచేసి ఊపిరి ఆడకుండా చేస్తుంది.

పిల్లికన్నాన్ని న్యూటన్ కనిపెట్టాడని ఒక కథ ఉంది. అది నిజం కాదు. న్యూటన్ పుట్టింది 1642లో. ఇంగ్లండులోని ఎక్సెటర్ పెద్ద చర్చిలో గడియారం కింది తలుపుకు 1598లోనే అలాంటి కన్నం కోయించారు. గడియారపు తాళ్లకు పూసిన కొవ్వు కోసం ఎలుకలు వచ్చేవట! గడియారం గదికి ఒట్టి కన్నం చాలు. మనుషులు నిద్రపోయే ఇంటికి చాలదు. దానికి రెక్క కావాలి.

రెక్కను పై అంచున బందులతో వేలాడదీయాలి. పిల్లి కింది అంచు దగ్గర తలతో నెడుతుంది. బందుకు దూరంగా నెడితే తక్కువ బలం చాలునని మీరు పాఠంలో చదివారు. నెట్టినప్పుడు రెక్క గరిమనాభి పైకి లేస్తుంది. పిల్లి దాటగానే రెక్క తన బరువుతో తానే కిందికి వచ్చి మూసుకుంటుంది. గాలికి ఊగకుండా కింది అంచున చిన్న అయస్కాంతం పెడతారు. లోపలివైపు గడియ తప్పనిసరి. పాము నెడితే అయస్కాంతం ఆపలేకపోవచ్చు, గడియ ఆపుతుంది. రాత్రి పిల్లిని లోపలికి పిలిచి గడియ వేయండి.

ఇక కొలతలు. పిల్లి జత్రుక మిగతా ఎముకలకు గట్టిగా అతికి ఉండదు. అందుకే తల పట్టిన సందులో ఒళ్లు కూడా పడుతుంది. మామూలు పిల్లికి 15 నుంచి 18 సెంటీమీటర్ల వెడల్పు సరిపోతుంది. కన్నం కింది అంచు పిల్లి పొట్ట ఎత్తులో ఉండాలి. బయటినుంచి చెయ్యి పెడితే తలుపు గడియ అందకూడదు. మన నాపరాతి గోడలు మందం; చెక్క తలుపుకే పెట్టించండి. కోత పని వడ్రంగికి వదలండి. మొదటి కొద్దిరోజులు రెక్కను పైకి కట్టి, అవతల పాలగిన్నె పెడితే పిల్లి దారి నేర్చుకుంటుంది. కుక్కకు మాత్రం ఇది వద్దంటాను. కుక్క పట్టే కన్నంలో దొంగ కూడా పడతాడు.

వడ్రంగిని పిలిచేముందు పశువైద్యుణ్ణి కలవండి. బయట తిరిగే పిల్లిని పిచ్చికుక్క కరవవచ్చు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు అసాధ్యం. ముందే టీకా వేస్తే ఆపవచ్చు. పిల్లికి మూడు నెలల వయసులో టీకా వేయించి, తరువాత వైద్యుడు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయించాలి. పిల్లి కరిచినా, రక్కినా 15 నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీటితో గాయం కడిగి, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. పాశ్చర్ 1885లో చూపిన దారి ఇవాళ ప్రభుత్వాసుపత్రుల్లో ఉంది. దాన్ని వదిలి మంత్రగాడి దగ్గరకు పోవడం ప్రాణం పోగొట్టుకోవడమే.

పిల్లి లేనివారికి కూడా ఒక పని ఉంది. ఈ రాత్రి మీ తలుపు కింద పెన్సిలు దూర్చి చూడండి. పెన్సిలు దూరితే చిట్టెలుక కూడా దూరుతుంది. ముందు ఆ సందు మూయండి.