నాచునకు అన్నము పెట్టునదెవరు?

గాజుతొట్టెలో చేపలను పెంచుట ఒకప్పుడు మహానగరములలోని సంపన్నుల వేడుక. నేడు బీదరు వంటి పట్టణములలోను మధ్యతరగతి ఇండ్లలో అట్టి తొట్టెలు కానవచ్చుచున్నవి. మంచినీటి చేపలతో తృప్తిపడక, ఉప్పునీటి తొట్టెలో సముద్రపు చేపలను పెంచవలెనని ఉబలాటపడు పిల్లలును కలరు. ఈ కోరిక చెడ్డది కాదు. సముద్రమునకు వందల మైళ్ళ దూరమున, ఎర్రరాతి పీఠభూమిపైన పుట్టి పెరుగు బాలునకు సముద్రమందలి జీవమును కన్నులార చూచు భాగ్యము అరుదు. కాని తొట్టె కొన్న కొలది మాసములకే గాజుపైన, రాళ్ళపైన, ఇసుకపైన పచ్చని తెర కమ్ముకొనును. దానితోబాటు ఇంటిలో చింతయు కమ్ముకొనును. అప్పుడు ఏమి చేయవలెను అను ప్రశ్నకు మా అభిప్రాయమును విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును విన్నవించుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఈ పచ్చని పదార్థమును మన పిల్లలు పలు పేర్లతో విందురు. తెలుగులో నాచు అనియు పాచి అనియు అందురు, కన్నడములోను పాచియే, వీధిలోని ఉర్దూలో కాయీ, పాత కావ్యములలో శైవలము. పేరేదైనను దాని స్వభావ మొక్కటే. దానికి కావలసినవి నీరు, వెలుతురు, ఆహారము. ఆ ఆహారములో ముఖ్యమైనవి నత్రజని, భాస్వరము. సముద్రములో తేలియాడు సూక్ష్మజీవుల దేహములందు ప్రతి భాస్వర పరమాణువునకు సుమారు 16 నత్రజని పరమాణువులును, 106 కర్బన పరమాణువులును ఉండునని ఆల్ఫ్రెడ్ రెడ్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. 1934లో ఆరంభమైన ఆయన పరిశీలన నేటికిని సముద్రశాస్త్రమునకు ఆధారముగా నున్నది. అనగా రవంత భాస్వరము నీటిలో చేరినచో, దానికి ఎన్నో రెట్లు నాచు పెరుగును.

ఇప్పుడు సామాన్యముగా జరుగునదేమి? మొదట గాజును గీకుదురు. వారము తిరుగకుండగనే నాచు మరల వచ్చును. పిదప దుకాణమునుండి నాచును చంపు మందు తెచ్చి పోయుదురు. అట్టి మందులు కొన్నిటిలో మైలుతుత్తము కలదు. పొలములలో తెగుళ్ళకు వాడు రాగి లవణమే అది. రాగి నాచును చంపుట నిజమే. కాని అది నత్తలను, రొయ్యలను, పీతలను, పగడపు జీవులను అంతకంటె త్వరగా చంపగలదు. ఒకమారు తొట్టెలోని రాళ్ళలోనికి, ఇసుకలోనికి చేరిన రాగిని పూర్తిగా తొలగించుట మిక్కిలి కష్టము. అంతటితో పోదు. చచ్చిన నాచు కుళ్ళునపుడు నీటిలోని ప్రాణవాయువు హరించును. చేపలు ఉక్కిరిబిక్కిరియై ఉపరితలమునకు వచ్చి నోళ్ళు తెరచును. కుళ్ళిన నాచునుండి విడివడిన నత్రజని, భాస్వరము తిరిగి ఆ నీటిలోనే కలియును. మరునాటి నాచునకు అదియే విత్తనపు ఎరువు. కావున మందు పోయుటయనగా శత్రువును చంపి, వాని ధాన్యపు కొట్టును వాని కొడుకులకు అప్పగించుట వంటిది.

మా వాదము ఇది: నాచు రోగము కాదు, రోగలక్షణము. దానిని చంపు ఉపాయమును వెదకుటకు ముందు, దానికి అన్నము పెట్టునదెవరో విచారింపవలెను. విచారించినచో ఆ అన్నదాతలు మనమే యని తేలును.

మొదటి అన్నము చేపల మేత. పిల్లలకు చేపల మీద ప్రేమ మెండు. ఉదయము ఒక పిడికెడు, బడినుండి రాగానే ఒక పిడికెడు, చుట్టములు వచ్చినపుడు వారికి చూపుటకై మరియొక పిడికెడు వేయుదురు. చేపలు రెండు మూడు నిమిషములలో తినగలిగినంతయే వాటికి చాలును. మిగిలినది ఇసుకలో కుళ్ళి మొదట అమోనియా అగును. సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగను, పిదప నైట్రేటుగను మార్చును. ఆ నైట్రేటు నాచునకు భోజనము. గడ్డకట్టిన మేత వాడువారు దానిని కరిగించి, ఆ నీటిని వడకట్టి పారబోసి, మేతను మాత్రమే వేయుట మేలు.

రెండవ అన్నము వెలుతురు. కిటికీ పక్కన ఎండ పడుచోట తొట్టెను ఉంచరాదు. దీపమును దినమునకు ఎనిమిది గంటలు వెలిగించిన సామాన్యముగా చాలును; రాత్రి నిద్రపోవువరకు అలంకారమునకై వెలిగించుట నాచునకు దీపారాధన చేయుటయే. వెలుతురు ప్రభావమెంతటిదో మన ఊరి పెద్దలు ఎన్నడో ఎరిగిన వారివలె తోచును. నౌబాదు వద్ద బహమనీల కాలమున, 15వ శతాబ్దిలో, త్రవ్వబడిన కరేజును చూడుడు. వాననీరు ఎర్రరాతి పొరలో ఇంకి, క్రింది నల్లరాతి పొరను తాకి అక్కడ ఊరును. ఆ ఊటను భూగర్భ సొరంగము ద్వారా ఊరికి నడపిరి. గాలికిని, పూడిక తీయుటకును మాత్రము నిలువు బావులు పెట్టిరి. ఆ నీరు ఎండకు ఆవిరి కాదు; చీకటిలో నడచు నీటిలో నాచు పెరుగజాలదు. దానిని కట్టినవారు నాచును తలచుకొని కట్టిరని మేము అనము. కాని చీకటి యొక్క ఉపకారము దానివలన మనకు తెలియుచున్నది.

మూడవ అన్నమును ఎవరును గమనింపరు. అది మనము పోయు నీరు. సముద్రపు నీటిలో లీటరునకు సుమారు 35 గ్రాముల లవణములుండును. సముద్రము లేని ఊరిలో ఉప్పు పొడి కొని మామూలు నీటిలో కలుపవలసినదే. ఆ నీరు బోరుబావిది కావచ్చును. చేలకు వేసిన ఎరువులనుండి, మరుగుగుంటలనుండి నైట్రేటు భూమిలోనికి ఇంకి బావులలో చేరుట మన దేశమున పెక్కు తావులందు కలదు. మన దేశపు ప్రమాణముల ప్రకారము త్రాగునీటిలో లీటరునకు 45 మిల్లీగ్రాముల వరకు నైట్రేటు ఉండవచ్చును. పగడములు పెంచువారు తమ తొట్టెలో పది మిల్లీగ్రాములకు లోబడియుండుటను కోరుదురు. అనగా మనుష్యునకు పథ్యమైన నీరే నాచునకు విందు కాగలదు.

విద్యార్థులారా, ఇచ్చట ఒక చిన్న లెక్క చేయుడు. నూరు లీటర్ల తొట్టె ఒకటి కలదనుకొందము. మన వేసవి ఎండకు అందులోనుండి దినమునకు రెండు లీటర్లు ఆవిరియగుననుకొందము. ఆవిరియగునది నీరు మాత్రమే. ఉప్పు తొట్టెలోనే నిలుచును. అందుచేత తరిగిన మేరకు ఉప్పునీరు గాక మంచినీరే పోయవలెను. అది లీటరునకు 20 మిల్లీగ్రాముల నైట్రేటుగల బావి నీరైనచో ఏమగును? యాబది దినములలో నూరు లీటర్లు పోసితిమి. దానితో రెండువేల మిల్లీగ్రాముల నైట్రేటును పోసితిమి. నీరు పోయినది, నైట్రేటు పోలేదు. చేప ఒక్కటి లేకున్నను, మేత ఒక్క పలుకు వేయకున్నను, ఆ తొట్టెలో లీటరునకు 20 మిల్లీగ్రాములు చేరినవి. శుద్ధియంత్రమునుండి వచ్చిన నీటిని గాని, ఆవిరిపట్టి చల్లార్చిన నీటిని గాని వాడవలెనని మేము చెప్పుట అందుకే.

వారమునకు పదియవ వంతు నీటిని మార్చుట మంచి అలవాటే. కాని అదియొక్కటే చాలునని భ్రమపడరాదు. నలుబది మిల్లీగ్రాములున్న తొట్టెలో పదియవ వంతు మార్చినచో, అది ముప్పదియారగును, అంతియే. రాకను తగ్గింపక పోకను మాత్రము పెంచువాడు అప్పు తీర్చలేడు.

మరి పెరిగిన నాచును ఏమి చేయవలెను? చేతితో తీసివేయవలెను, తీసిన దానిని తొట్టెలో వదలక బయట పారవేయవలెను. నాచుతోబాటు అది తిన్న భాస్వరమును బయటికి పోవును. నాచు తిను నత్తలు, గవ్వలలో కాపురముండు చిన్న పీతలు కొంత సాయపడును. ఉప్పునీటిలో సన్నని గాలిబుడగలను పుట్టించి, కుళ్ళకముందే మలినమును నురుగుగా తీయు పరికరము మరియొక సాయము. వీటన్నిటికంటె వింతయైన ఉపాయము, నాచును నాచుతోనే జయించుట. తొట్టెకు అనుబంధముగా వేరొక చిన్న అర కట్టి, అందు మంచి జాతి నాచును దీపకాంతిలో పెంచుదురు. అది ఆహారమును ముందుగా తినివేయును. అప్పుడప్పుడు దానిని కోసి తీయుదురు. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థకు చెందిన వాల్టర్ ఏడీ ఇట్టి నాచు మడుల పద్ధతిని పెంపొందించిన శాస్త్రజ్ఞులలో ప్రసిద్ధుడు. కావున నాచు స్వతః దోషి కాదు. ఉండవలసిన చోట అది పాకీపని చేయు నేస్తము.

ఈ సంగతి ఆంధ్రదేశపు రొయ్యల రైతునకు బాగుగా తెలియును. భీమవరము ప్రాంతపు చెరువులలో నీరు అద్దమువలె తేటగా నుండుట మంచిదని రైతు అనుకొనడు. కొంత పచ్చదనము కావలెననును. కాని అది మితి మీరెనా, పగలు ప్రాణవాయువు నిచ్చిన ఆ నాచే రాత్రి దానిని పీల్చివేయును. తెల్లవారుజామున రొయ్యలు తేలును. అందుకే రాత్రులందు చెరువులలో ఏరేటర్లు తిరుగుచుండును. తొట్టెలోను మనకు కావలసినది మితమే. నైట్రేటు, భాస్వరము బొత్తిగా లేకుండ చేసినచో పగడములును కృశించును.

మేము ఉపాధ్యాయ శిక్షణకై హైదరాబాదులో నున్న కాలమున హుస్సేనుసాగరము గట్టుమీద నడచుచు ఆ పచ్చని నీటిని పలుమారు చూచితిమి. 16వ శతాబ్దిలో ఊరి దాహము తీర్చుటకు కట్టిన చెరువది. కూకటుపల్లి నాలా మొదలగు కాలువలు ఇండ్ల మురుగును, కర్మాగారముల మురుగును దానిలోనికి తెచ్చినవి. అది మహానగరపు తొట్టె. అక్కడను పైపైన నాచును తొలగించినంత మాత్రమున కార్యము తీరదు. వచ్చు మురుగును ఆపవలసినదే. ఇంటిలోని గాజుతొట్టె యందు ఈ న్యాయమును గ్రహించిన బాలుడు, రేపు పౌరుడై, తన ఊరి చెరువు పచ్చబడినపుడు ఏ మందు చల్లవలెనని అడుగడు. ఏ కాలువ వచ్చి కలియుచున్నదని అడుగును. మా ఆశ అదియే.

తల్లిదండ్రులలో కొందరు, “పిల్లల ఆటవస్తువునకు ఇంత శ్రమ ఏల? రెండు చుక్కల మందుతో పోవుదానికి లెక్కలు, పరీక్షలు ఎందుకు?” అని యడుగవచ్చును. అయ్యా, అమ్మా, తొట్టెలోనిది ఆటవస్తువు కాదు, ప్రాణి. వారమున ఒక గంట దానికై వెచ్చింపలేని ఇంటిలో ఉప్పునీటి తొట్టెను పెట్టకుండుటయే ధర్మము. మంచినీటి చేపలు తక్కువ శ్రమతో అంతటి ఆనందమును ఇచ్చును. పెట్టదలచినవారు తొట్టెకు ముందు నీటి పరీక్షను చేయింపవలెను. మరియొక మాట: మన సముద్రములలోని పగడములు, సముద్రాశ్వములు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టముచే రక్షింపబడినవి. ఎవరైనను వాటిని అమ్మజూపినచో కొనరాదు.

తీసిన నాచును పారవేయుటలోను జాగ్రత్త కావలెను. తొట్టెలలో పెంచు కాలెర్పా అను నాచు 1984లో మొనాకోలోని సముద్ర వస్తుప్రదర్శనశాల క్రింది సముద్రములో కనిపించి, పిదప మధ్యధరా తీరమున వేల ఎకరములను కప్పివేసినది. అదే జాతి 2000లో కాలిఫోర్నియా తీరపు ఉప్పుకయ్యలో కనబడగా, దానిని నిర్మూలించితిమని ప్రకటించుటకు అక్కడివారికి 2006 వరకు పట్టినది. సముద్రపు నాచు మన పాపనాశము చెరువులో బ్రతుకక పోవచ్చును. కాని ఉప్పునీరు చెరువునకును, చెట్ల పాదులకును కీడే. కావున నాచును ఎండబెట్టి పారవేయుడు. పాత ఉప్పునీటిని చెరువులోను, పెరటి మొక్కలకును పోయకుడు.

ఈ నెలనుండి తొట్టె గల విద్యార్థులు ఒక చిన్న పుస్తకము పెట్టవలెనని మా సూచన. అందులో దినమునకు ఎంత మేత వేసితిరి, దీపము ఎన్ని గంటలు వెలిగినది, ఎంత నీరు పోసితిరి, ఆ నీరు ఎక్కడిది, నాచు పెరిగినదా తగ్గినదా అని తెలుగులో వ్రాయుడు. రెండు మాసములు వ్రాసి చూచుకొన్నచో, మీ నాచునకు అన్నము పెట్టునదెవరో ఆ పుస్తకమే మీకు చెప్పును.