పేరు కలిస్తే మనిషి కలిసినట్టేనా?

ప్రభుత్వ సొమ్ము అర్హులకే చేరాలి. మేడల్లో ఉండేవారు పేదల బియ్యం తీసుకుంటే అది ముమ్మాటికీ తప్పే. అనర్హులను ఏరివేస్తామని ప్రభుత్వం అంటే మేము కాదనము. కాని ఆ ఏరివేత ఏ పద్ధతిలో జరుగుతోంది? రాళ్ళు ఏరబోయి బియ్యం పారబోస్తే బాధ్యత ఎవరిది? అన్యాయమైపోయిన పేదవాడు మొరపెట్టుకుంటే వినేదెవరు? ఇవి మనమందరం అడగాల్సిన ప్రశ్నలు.

పూర్వం రేషన్ కార్డుకు దరఖాస్తు పెడితే రెవెన్యూ సిబ్బంది ఇంటికి వచ్చి, ఇల్లూ వాకిలీ చూసి, ఇరుగుపొరుగును అడిగి నివేదిక రాసేవారు. అందులో లంచాలు, పలుకుబడులు లేకపోలేదు. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగం కంప్యూటర్‌కు అప్పగించారు. రవాణా శాఖ దగ్గరున్న వాహనాల జాబితా, విద్యుత్ మీటర్ల లెక్క, ఆస్తిపన్ను రికార్డు, ఆదాయపు పన్ను వివరం వంటి వాటిని తెచ్చి రేషన్ కార్డుల జాబితాతో సరిపోలుస్తారు. తెలంగాణలో ఇందుకోసం తయారైన వ్యవస్థ పేరు ‘సమగ్ర వేదిక’. ఆంధ్రప్రదేశ్‌లో గత ప్రభుత్వ కాలంలో అమలైన ‘ఆరంచెల పరిశీలన’ కూడా ఈ కోవకు చెందినదే. కరెంటు 300 యూనిట్లు దాటినా, ఇంట్లో ఎవరి పేర నాలుగు చక్రాల వాహనం కనిపించినా ఆ కుటుంబాన్ని అనర్హుల జాబితాలో చేర్చేవారు. ఒకే మీటరు మీద రెండు మూడు కుటుంబాలు బతికే ఇళ్ళు మన బస్తీల్లో ఎన్ని ఉన్నాయో కంప్యూటర్‌కు ఏం తెలుసు?

తెలంగాణలో 2014, 2019 సంవత్సరాల మధ్య 18 లక్షలకు పైగా ఆహార భద్రతా కార్డులు రద్దయ్యాయని, 1.42 లక్షల కొత్త దరఖాస్తులు తిరస్కరణకు గురయ్యాయని 2024 జనవరిలో అల్ జజీరా వార్తాసంస్థ వెల్లడించింది. ఈ ఏరివేతలో సమగ్ర వేదికను కూడా వాడారు. కార్డు తీసేస్తున్నామని ముందుగా నోటీసు ఇవ్వలేదు. బియ్యం కోసం చౌకధరల దుకాణానికి వెళ్ళినప్పుడు గాని చాలామందికి సంగతి తెలియలేదు. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రద్దయిన కార్డుల విషయంలో ఇంటింటికీ వెళ్ళి విచారణ జరపాలని 2022 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆదేశించింది. ఆ ఏడాది జులై నాటికి రెండు లక్షలకు పైగా దరఖాస్తులు పరిశీలించగా 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. ఇంటికి నలుగురు చొప్పున లెక్కవేసినా 60 వేలు దాటిన నోళ్ళు! ఇన్నేళ్ళు వారి కంచంలో పడకుండా పోయిన మెతుకులను ఏ ఉత్తర్వు తిరిగి తెస్తుంది?

అదే కథనంలో వచ్చిన ఒక ఉదంతం చూడండి. కారు ఉందన్న కారణంతో హైదరాబాదులో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి రేషన్ కార్డు పోయింది. తీరా చూస్తే కారు ఆయనది కాదు. ఇంచుమించు అదే పేరున్న మరొకరిది. రిక్షా తొక్కినవాణ్ణి కారు యజమానిని చేసింది మనిషి కాదు, పేర్లను జతకలిపిన యంత్రం.

ఇలాంటి పొరపాటు ఎవరికైనా జరగవచ్చు. కాని మన ఇళ్ళల్లో జరిగే అవకాశం మరింత ఎక్కువ. ఎందుకంటే మన పేర్ల సంగతి వేరు. ముహమ్మద్ అనే పేరును ఉర్దూలో రాయడానికి మీమ్, హే, మీమ్, దాల్ అనే నాలుగు అక్షరాలు చాలు. తెలుగులోకి వచ్చేసరికి అది మహమ్మద్, మహ్మద్, మొహమ్మద్ అవుతుంది. ఇంగ్లీషులో ఒక గుమాస్తా ఒక తీరుగా రాస్తే, మరొకరు ‘ఎం.డి.’ అని రెండు అక్షరాలతో సరిపెడతారు. షేక్ కాస్తా ‘ఎస్.కె.’ అయిపోతుంది. మనలో చాలామందికి తెలుగువారికి ఉన్నట్టు ఇంటిపేరు ఉండదు. గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో షేక్ మస్తాన్‌వలి పేరుతో ఒకే ఊళ్ళో ముగ్గురు నలుగురు ఉండడం వింత కాదు. ఆడవారి పేరు చివర ఒక కాగితంలో బీ ఉంటే, మరో కాగితంలో బేగం ఉంటుంది. పుట్టినరోజు తెలియని పెద్దలకు జనవరి 1 అని రాసి పంపేస్తారు. ఫలితంగా ఒకే మనిషి నాలుగు రికార్డుల్లో నలుగురిగా కనిపిస్తాడు. నలుగురు వేర్వేరు మనుషులు ఒక్కరిగా కనిపిస్తారు. ఉద్దేశపూర్వకంగా ఎవరూ వివక్ష చూపకపోయినా నష్టం మాత్రం మనకు జరిగిపోతుంది.

సందేహం వల్ల యఖీన్, అంటే నిశ్చయం, చెరిగిపోదన్న సూత్రం ఫిఖ్హ్ చదివిన ప్రతి మదరసా విద్యార్థికీ తెలుసు. రెండు జాబితాల్లో పేర్లు కలవడం ఒక సందేహం మాత్రమే. దాన్ని విచారణకు ప్రారంభంగా తీసుకుంటే తప్పులేదు. తీర్పుగా తీసుకుంటేనే అన్యాయం.

పేర్లు సరిగ్గా కలిసినప్పుడు కూడా మరో ప్రశ్న మిగులుతుంది. మనం ఆసుపత్రిలో చెప్పిన వివరం వైద్యం కోసం. బడిలో రాసిచ్చిన వివరం పిల్లవాడి చదువు కోసం. తెలంగాణలో 2014 ఆగస్టు 19న జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో కుటుంబాలు తమ వివరాలన్నీ చెప్పాయి. ఇలా చెప్పిన మాట తీసుకున్నవారి దగ్గర అమానత్. ఒక పని కోసం ఇచ్చిన అమానత్‌ను, ఇచ్చినవారికి చెప్పకుండా మరో పనికి వాడడం న్యాయమా? పైగా అన్ని శాఖల వివరాలూ ఒకచోట చేరితే ఒక కుటుంబం జీవితమంతా ఒక అధికారి ముందు తెరిచిన పుస్తకమైపోతుంది. రేపు ఆ పుస్తకం ఎవరి చేతిలో పడుతుందో ఎవరు చెప్పగలరు?

ఇతర దేశాలు ఈ చిక్కును ముందే ఎదుర్కొన్నాయి. అమెరికాలో 1988లోనే ఇందుకు ప్రత్యేక చట్టం చేశారు. రెండు కార్యాలయాలు కంప్యూటర్ జాబితాలు సరిపోల్చాలంటే ముందుగా రాతపూర్వక ఒప్పందం ఉండాలి. సరిపోలినంత మాత్రాన ఎవరి సహాయమూ ఆపరాదు. విడిగా నిర్ధారించుకోవాలి, నోటీసు ఇవ్వాలి, జవాబు చెప్పుకునే గడువు ఇవ్వాలి. నెదర్లాండ్స్‌లో పలు శాఖల సమాచారం కలిపి మోసగాళ్ళను పసిగట్టే ‘సిరి’ అనే వ్యవస్థ, గోప్యత హక్కుకు భంగకరమని 2020 ఫిబ్రవరిలో హేగ్ జిల్లా న్యాయస్థానం తీర్పు చెప్పింది. ఆస్ట్రేలియాలో పన్నుశాఖ లెక్కలను సంక్షేమ శాఖ లెక్కలతో యాంత్రికంగా జతచేసి, లక్షలాది పేదలకు లేని బాకీలు అంటగట్టారు. చివరికి ప్రభుత్వం వసూలు చేసిన సొమ్ము తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. 2023 జులైలో రాయల్ కమిషన్ ఆ పథకాన్ని తీవ్రంగా ఖండించింది.

మన దేశంలో వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కేనని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టుకు చెందిన తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. 2025 నవంబరులో నియమావళి వెలువడింది. ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల వ్యవధి పెట్టారు. ఒక మనిషిపై ప్రభావం చూపే నిర్ణయానికి వాడే సమాచారం సరైనదై ఉండాలని ఆ చట్టం అంటుంది. ఇది మంచి మాటే. అయితే సంక్షేమ ప్రయోజనాల కోసం ప్రభుత్వం తన దగ్గరున్న సమాచారాన్ని మళ్ళీ అనుమతి అడగకుండానే వాడుకునే వీలును కూడా అదే చట్టం కల్పించింది. శాఖలు జాబితాలు సరిపోల్చేటప్పుడు పాటించాల్సిన కట్టుబాట్లను మాత్రం అందులో విడిగా చెప్పలేదు. గోడలు లేచాయి గాని తలుపు పెట్టలేదన్నట్టుంది.

కనుక ప్రభుత్వాలను మేము కోరేది కొద్దే. ఏయే శాఖల జాబితాలు దేనికోసం కలుపుతున్నారో ముందుగా ప్రజలకు ప్రకటించాలి. పనికి అవసరమైన వివరమే తీసుకుని, పని ముగిశాక చెరిపివేయాలి. మనిషి వెళ్ళి విచారించకుండా, రాతపూర్వకంగా కారణం చెప్పకుండా, జవాబుకు గడువు ఇవ్వకుండా ఏ కార్డునూ, ఏ పింఛనునూ ఆపరాదు. నోటీసు తెలుగులోనూ ఉర్దూలోనూ ఉండాలి. పొరపాటు జరిగిందని తేలితే ఆపిన నాటి నుంచి రావలసిన సహాయం ఇవ్వాలి.

ఇక మన వంతు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం, పిల్లల బడి రిజిస్టరు – అన్నింటిలోనూ పేరు ఒకే అక్షరాలతో ఉందా అని ఈ వారమే చూసుకోండి. తేడా ఉంటే సరిచేయించి రసీదు దాచుకోండి. కార్డు పోతే నోటిమాటతో వెనుదిరగకండి, కారణం రాసిమ్మని అడగండి. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం ప్రకారం జిల్లా ఫిర్యాదుల పరిష్కార అధికారికి, ఆపైన రాష్ట్ర ఆహార కమిషన్‌కు విన్నవించుకోవచ్చు.

ఈ కాగితాల పని చదువురాని వితంతువులకు, వృద్ధులకు సాధ్యం కాదు. మసీదు కమిటీలు జుమా నమాజు తరువాత ఒక గంట కేటాయించి, చదువుకున్న యువకులను కూర్చోబెట్టి వారి కాగితాలు చూసిపెట్టే ఏర్పాటు చేయాలని మా విజ్ఞప్తి. మతం ఏదైనా ఆ గల్లీలోని ప్రతి పేదవాడికీ ఆ సాయం అందాలి.