గుండుసూది సాక్ష్యం

వేసవి సెలవులకు మా అమ్మాయి పిల్లలిద్దరినీ మా దగ్గర దింపి వెళ్లింది. వచ్చిన వారం రోజులకల్లా మా ఇంట్లో ఒక పోలీసు ఠాణా వెలిసింది. కమిషనరుగారికి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. మిగతా సిబ్బంది యావత్తూ ఆయనగారి చెల్లెలే. ఒకటో తరగతి, ముందు పళ్లు రెండూ ఊడాయి.

తప్పు నాదే. రాత్రిళ్లు పిల్లలకు కథ చెప్పే డ్యూటీ నాది. చిన్నప్పుడు చందమామలో చదివిన తోకచుక్కలూ, మకరదేవతలూ మొదటి మూడు రోజుల్లోనే ఖర్చయిపోయాయి. బేతాళ కథలు చెబితే, బేతాళుడు ప్రశ్న వేసేలోపునే మావాడు జవాబు చెప్పేస్తున్నాడు. ఇక లాభం లేదని అలమారులోంచి ‘ఎమిల్ అండ్ ది డిటెక్టివ్స్’ ఇంగ్లీషు పుస్తకం తీసి, రోజుకో అధ్యాయం చొప్పున నా తెలుగులో చెప్పడం మొదలెట్టాను.

ఎరిక్ కెస్ట్‌నర్ అనే జర్మను రచయిత దీన్ని 1929లో ప్రచురించాడు. కథ చిన్నది. ఎమిల్ తల్లి ఇంట్లోనే ఆడవాళ్లకు తలలు దువ్వి, జుట్టు కత్తిరించి సంసారం ఈదుతున్న మనిషి. ఆవిడ కూడబెట్టిన నూట నలభై మార్కులు కొడుకు చేతికిచ్చి, బెర్లినులో ఉన్న అమ్మమ్మ దగ్గరికి రైలెక్కిస్తుంది. వాడు ఆ డబ్బును కోటు లోపలి జేబులో పెట్టి, గుండుసూదితో గుచ్చి మరీ భద్రం చేసుకుంటాడు. పెట్టెలో మిగిలేది వాడూ, గుండ్రటి టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషీ. కునుకు తీసి లేచేసరికి టోపీ లేదు, డబ్బూ లేదు.

“పోలీసులకు చెప్పొచ్చుగా?” అన్నాడు కమిషనరు.

అక్కడే ఉంది తమాషా. వాళ్ల ఊళ్లో ఒక గ్రాండ్ డ్యూక్‌గారి విగ్రహానికి ఎమిల్ ముక్కుకు ఎర్రరంగు పూసి, మీసాలు దిద్ది ఉన్నాడు. పోలీసును చూస్తే తనను జైల్లో పెడతారని బెదురు. అందుకని దొంగను వాడే వెంబడిస్తాడు. దారిలో మోటారు హారను చేత్తో పట్టుకు తిరిగే గుస్తావ్ అనే కుర్రాడు తగులుతాడు. వాడు ఒక్కసారి హారను మోగిస్తే వీధిలో పిల్లలంతా డిటెక్టివులైపోతారు. ఒకడు మాత్రం ఇంట్లో టెలిఫోను దగ్గరే కూర్చోవాలి. వాడి పేరు దీన్‌స్టాగ్, అంటే జర్మను భాషలో మంగళవారం. చివరికి బాంకులో దొంగను చుట్టుముడతారు. డబ్బు నీదేననడానికి రుజువేమిటని అడిగితే ఎమిల్, “నోట్లకు గుండుసూది బెజ్జాలుంటాయి, చూడండి,” అంటాడు.

“సూది ఎలా గుచ్చాడు తాతయ్యా?” అన్నాడు మావాడు.

నాకు కథ చెబుతూ అభినయించే దురలవాటు ఒకటుంది. సొరుగులోంచి అయిదు వందల నోటు తీసి, కుర్చీమీద చేతికందిన లాల్చీ జేబులో పెట్టి, గుండుసూది గుచ్చి చూపించాను. చిన్నది అప్పటికే నిద్రపోయింది. కమిషనరుగారు తృప్తిపడి ఆవలించారు. దీపం ఆర్పి పడుకున్నాం.

మర్నాడు మధ్యాహ్నం పాలవాడి లెక్క తేల్చడానికి సొరుగు తీస్తే అయిదు నోట్లుండవలసిన చోట నాలుగే ఉన్నాయి.

“ఎక్కడో పెట్టి మరిచిపోయి ఉంటారు,” అంది మా ఆవిడ, వంటింట్లోంచి తల కూడా బయట పెట్టకుండా.

నాకు పౌరుషం వచ్చింది. కళ్లజోడు మరిచిపోతాను, గొడుగు మరిచిపోతాను, ఒకసారి పెళ్లివారిల్లు మరిచిపోయి పక్కింట్లో భోజనానికి కూర్చున్న మాట కూడా నిజమే. కాని డబ్బు విషయంలో నా మతిమరుపు ఏనాడూ పనిచేయలేదు. పైగా పొద్దున ముందుగదిలోకి వచ్చిన పరాయివాడు ఒక్కడే. ఇస్త్రీ బట్టలకు వచ్చిన కుర్రాడు. పన్నెండు పదమూడేళ్లుంటాయి. వాడి తండ్రి మా వీధి మలుపులో బండి పెట్టుకుని ఇస్త్రీ చేస్తాడు. సెలవుల్లో వీడు ఇళ్లకు తిరిగి బట్టలు తెచ్చిపెడతాడు.

“సాయంత్రం రానీ, అడుగుతాను,” అన్నాను.

ఈ మాట కమిషనరుగారి చెవిన పడింది. వెంటనే దర్యాప్తు ప్రారంభమైంది. వేలిముద్రల కోసం సొరుగు మీద మా ఆవిడ పౌడరు డబ్బా సగం గుమ్మరించారు. ముద్రలు నావి, మా ఆవిడవి, అరగంట క్రితం బెల్లంముక్క తిన్న సిబ్బందివి బయటపడ్డాయి. చిన్నదాన్ని మంగళవారం ఉద్యోగంలో నియమించి టెలిఫోను ముందు కూర్చోబెట్టారు. పాపం, రెండు గంటలసేపు కదలకుండా కూర్చుంది. వచ్చిన ఫోను ఒక్కటే. అవతలివాడు అప్పు కావాలా అని అడిగితే, “మా తాతయ్య నోటు దొరికాక చెబుతాం,” అని పెట్టేసింది.

అనుమానితుల జాబితాలో మొదటి పేరు నాదే రాశాడు మావాడు.

“రాత్రి ఆ నోటు చివరిసారి చూసింది ఎవరు?”

“నేనే.”

“తరవాత సొరుగులో పెట్టావు కదా?”

“పెట్టకేం చేస్తాను!” అన్నాను. పెట్టిన గుర్తు మాత్రం లేదు. గుర్తు లేదన్న సంగతి ఒప్పుకోవడానికి వయసు అడ్డం వచ్చింది.

సాయంత్రం ఇస్త్రీ కుర్రాడు బట్టల మూటతో గుమ్మంలోకి వచ్చాడు. నేను గొంతు సవరించుకుని, “ఏమోయ్, పొద్దున నువ్వొచ్చినప్పుడు...” అని మొదలెట్టాను. వాడు నా ముఖంకేసి చూశాడు. మావాడు నా పంచె కొంగు పట్టుకుని గుంజాడు.

“ఆధారం లేకుండా అడగకూడదు తాతయ్యా. ఎమిల్‌కి సూది బెజ్జాలున్నాయి. మన నోటుకేం గుర్తుంది? అవునూ, నువ్వు సూది గుచ్చింది ఆ నోటుకేగా!”

నా నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. రాత్రి చేతికందిన లాల్చీ కళ్లముందు కదిలింది. అది ఉతికి ఇస్త్రీకి వేరుగా పెట్టిన లాల్చీ!

ఈలోగా ఆ కుర్రాడు చొక్కా జేబులోంచి మడత పెట్టిన కాగితం పొట్లం తీశాడు. “లాల్చీ జేబులో ఉందండి. పెట్టె తగిలితే నోటు పాడయ్యేదని నాన్న ముందే తీశాడు. సూది కూడా ఇందులోనే పెట్టాడు, గుచ్చుకుంటుంది, జాగ్రత్తండి.”

నోటుకు రెండు బెజ్జాలున్నాయి. బెర్లినులో ఆ బెజ్జాలు దొంగను పట్టించాయి. మా గుమ్మంలో నన్ను పట్టించాయి.

నేను పూర్తి చెయ్యని ఆ మాటలో మిగతా సగం ఆ పిల్లవాడికి వినిపించిందో లేదో నాకు తెలియదు. వినిపించే ఉంటుందని నా భయం. అలాంటి మాటలు సగంలోనే అర్థమయ్యే బతుకులు వాళ్లవి. పోయిన నోటు దొరుకుతుంది. గుమ్మంలో అన్న మాటకు గుండుసూది గుచ్చి వెనక్కి తెచ్చే డిటెక్టివు ఇంకా పుట్టలేదు.

చిన్నపిల్లలకు దొంగల కథలేమిటని నన్ను మందలించిన మిత్రులున్నారు. అనుమానాలు నేర్పుతాయట. ఆధారం లేని అనుమానం నాకు ఏ డిటెక్టివు పుస్తకమూ నేర్పలేదు. పుస్తకాలు చదవక ముందు నుంచీ అది నా దగ్గరే ఉంది. దాన్ని గుమ్మంలో ఆపినవాడు మాత్రం ఆ పుస్తకం విన్న ఎనిమిదేళ్లవాడు. 1963లో అమెరికాలో డోనాల్డ్ సోబోల్ ‘ఎన్‌సైక్లోపీడియా బ్రౌన్’ అనే పిల్ల డిటెక్టివు కథలు మొదలెట్టాడు. కథ చివర ఆగి, వీడికెలా తెలిసిందని పాఠకుణ్ణే అడుగుతాడు. జవాబు పుస్తకం వెనకాల ఉంటుంది. మన బేతాళుడి పద్ధతే. తొందరపడి తీర్పు చెప్పకు, విన్నది మళ్లీ ఒకసారి తలుచుకో అనడమే ఇందులో చదువు. నవ్వు కలిపారు గనక పిల్లలు మందు అనుకోకుండా మింగుతారు.

కెస్ట్‌నర్ రాసిన పుస్తకాలను 1933 మే 10న బెర్లినులో నాజీలు మంటల్లో వేశారు. అప్పుడాయన ఆ గుంపులోనే నిలబడి చూశాడు. నలుగురూ కూడి ఒకరిమీద నేరం మోపితే ఎలా ఉంటుందో ఎరిగిన మనిషి. దొంగను పట్టడానికి కూడా బెజ్జాలు చూపించమన్నవాడు.

ఇక మా ఠాణా తీర్పు: ముద్దాయి తాతయ్య నేరం రుజువైంది. జరిమానా నాలుగు ఐస్‌క్రీములు.

“మీరిద్దరూ, అమ్మమ్మా, మరి నాలుగోది?” అన్నాను.

“ఇస్త్రీ అన్నకి. నువ్వే వెళ్లి ఇవ్వాలి,” అన్నాడు కమిషనరు.

వెళ్లాను. బండి దగ్గర తండ్రి ఎదుటే, “పొద్దున నేను పొరపాటుగా అనుకున్నాను నాయనా,” అన్నాను. తండ్రి ఏమీ అనలేదు. బొగ్గులు విసరడం ఆపి, మళ్లీ విసరసాగాడు. కుర్రాడు ఐస్‌క్రీము అందుకుని, “మీ చిన్నబాబు చెప్పాడండి, ఏదో కథట,” అన్నాడు.

ఆ రాత్రి వాడు మా మెట్లమీద కూర్చుని, గుస్తావ్ హారను మోగించే అధ్యాయం దాకా విన్నాడు. మర్నాడు మా ఇంట్లో ఇస్త్రీకి బట్టలేమీ లేవు. అయినా తొమ్మిది గంటలకు వచ్చాడు.

“బట్టలేమైనా ఉన్నాయాండీ?” అన్నాడు, మెట్లమీద కూర్చుంటూ.