మంద్రకంఠమునకు మన వేదికపై చోటేది?

మన తిరుమంగళము పరిసరములలో తెలుగువారి ఉత్సవము ఏది జరిగినను బాలబాలికలకు పాటల పోటీ యొకటి తప్పక యుండును. పోటీ ముగిసిన పిమ్మట పందిటిలో పెద్దలు చెప్పుకొను మాటయు ఒక్కటే: "ఆ పిల్లవాడు అయిదు కట్టైలో ఎంత అవలీలగా పాడినాడు!" తారషడ్జమము నందుకొనినవానికి బహుమానము. అందుకొనలేనివానికి "గొంతు బొంగురు, నీకెందుకు నాయనా పాట?" అను హితోపదేశము. ఈ తీర్పు న్యాయము కాదనియు, దీనివలన మన మగపిల్లలు పాటకు మాత్రమే గాక తెలుగునకే దూరమగుచున్నారనియు మేము వాదింపదలచినాము. పెద్దలు కోపింపక వినవలెను.

మొదట ప్రకృతి చేసిన ఏర్పాటును చూతము. మగపిల్లవానికి పండ్రెండు మొదలు పదునైదేండ్ల ప్రాయమున కంఠము మారును. స్వరతంత్రులు పొడవై, దళసరియై, స్వరము ఇంచుమించుగా ఒక స్థాయి క్రిందికి దిగును. ఇది రోగము కాదు, లోపము కాదు, మగతనము. పాశ్చాత్యులు పురుషకంఠములను ముఖ్యముగా మూడు తరగతులుగా విభజించిరి. పై స్థాయిది టెనరు, క్రింది స్థాయిది బాసు, నడిమిది బారిటోను. బారిటోను అను మాటకు గ్రీకుమూలమున 'బరువైన ధ్వని' యని యర్థము. ఆ కంఠపు పరిధి సెకనునకు సుమారు 100 కంపనముల నుండి 400 కంపనముల వరకు నుండును. పురుషులలో ఎక్కువమందికి ప్రకృతి యిచ్చినది ఈ నడిమి కంఠమే. అనగా మన పోటీలలో హార్మోనియముపై అందరికి ఒకే హెచ్చు శ్రుతి పెట్టి పాడుమనుట, నూరుగురిలో అధిక సంఖ్యాకులు ఓడిపోవుటకు ముందుగానే ఏర్పాటు చేయుట యన్నమాట.

ఈ హెచ్చు శ్రుతి మోజు మనకెట్లు వచ్చినది? దానికొక కారణము కలదు. ఆ కారణమును మేము గౌరవింతుము. శంకరదాస్ స్వాముల కాలమున మధురలో నాటక సమాజములు వర్ధిల్లినపుడు మైకు లేదు. ఆరుబయట వేలకొలది జనము కూర్చుండగా చివరి వరుసవానికి మాట వినబడవలెనన్న నటుడు గొంతెత్తి పాడక తప్పదు. సెంగోట్టై కిట్టప్ప ఆ విద్యలో మేటి. 1933లో, ఇరువదేడేండ్ల ప్రాయముననే ఆయన గతించినను ఆయన తారస్థాయి నేటికిని దక్షిణ జిల్లాలలో సామెతగా నిలిచియున్నది. తెలుగు రంగస్థలముపై పద్యము చదివినవారి స్థితియు నిట్టిదే. కాని తరువాత మైకు వచ్చినది. నేడు పది యిండ్ల వీధిలో జరుగు సీమంతమునకు గూడ మైకు పెట్టుచున్నారు. అవసరము పోయినది, అలవాటు మాత్రము మిగిలినది. మైకు ముందు నిలిచి మెడనరములు ఉబ్బునట్లు కేకలు వేయువానిని చూచి చప్పట్లు కొట్టుట ఏమి రసజ్ఞత?

"మంద్రకంఠము దూరము పోదు, సభను పట్టలేదు" అని కొందరందురు. ఇదియు సత్యము కాదు. పాశ్చాత్యుల ఒపేరా యనునది ఆద్యంతము పాటతో నడచు నాటకము. అందు గాయకుని ముందు పదుల సంఖ్యలో వాద్యములు మ్రోగుచుండును. సంప్రదాయముగా అచట మైకు వాడరు. అయినను బారిటోను గాయకుని పలుకు చివరి వరుసకు స్పష్టముగా వినబడును. ఇది ఎట్లు సాధ్యమని స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞుడు యోహాన్ సుండ్‌బెర్గ్ 1970వ దశకమున పరిశోధించి చెప్పెను. శిక్షణ పొందిన పురుషకంఠములో సెకనునకు సుమారు 3000 కంపనముల దగ్గర ఒక ప్రత్యేకమైన మెరుపు ఏర్పడును. వాద్యముల బలము ఆ చోట తక్కువగా నుండును గనుక గాయకుని కంఠము వాద్యఘోషను చీల్చుకొని పోవును. కావున సభను పట్టునది శ్రుతి యొక్క ఎత్తు కాదు, కంఠమునకు ఇచ్చిన శిక్షణ.

ఆ దేశములలో అట్టి కంఠముగలవాని వృత్తి యెట్లు నడచునో కొంచెము తెలిసికొనుట మంచిది. నాయకపాత్ర సాధారణముగా టెనరుది. తండ్రి, రాజు, విదూషకుడు, ప్రతినాయకుడు, వీరు బారిటోను వంతు. అయినను ఇటలీ దేశపు వాగ్గేయనాటకకర్త వెర్ది ఈ కంఠమును సింహాసనమెక్కించెను. 1851లో వెనిస్ నగరమున ప్రదర్శితమైన ఆయన 'రిగొలెట్టో'లో ప్రధానపాత్ర ఒక గూనివాడు, కూతునకై కుమిలిపోవు తండ్రి. ఆ పాత్ర బారిటోనుదే. 1887లో 'ఒథెల్లో' నాటకమున కుటిలుడైన ఇయాగోగాను, 1893లో హాస్యపాత్రయైన ఫాల్‌స్టాఫ్‌గాను మొట్టమొదట పాడినది విక్టర్ మోరెల్ అను ఒకే బారిటోను గాయకుడు. టిటో గొబ్బి యను మరియొకడు న్యాయశాస్త్రము చదువబోయి సంగీతమునకు మరలి, 1935లో రంగమెక్కెను. 1964లో లండను నగరపు కోవెంట్ గార్డెన్‌లో మరియా కాలస్‌తో కలిసి 'తోస్కా'లో క్రూరుడైన స్కార్పియా పాత్రను ధరించి కీర్తిశిఖరమున నిలిచినపుడు ఆయన వయస్సు ఏబది. జర్మనీలోని నాటకశాలలు ఇట్టి గాయకులను నెలజీతముపై కొలువులో నుంచుకొనుచున్నవి. బరువైన కంఠము ముప్పది దాటిన తరువాతగాని పండదని వారెరుగుదురు. మనమో, పదునాలుగేండ్ల బాలుని కంఠము పగిలిన నాడే పనికిరాదని వ్రాసి సంతకము చేయుచున్నాము!

"అది దొరల సంగతి, మనకెందుకు?" అని ఎవరైన అడుగవచ్చును. అయ్యా, పాటతో నడచు నాటకము మనకు క్రొత్తదా? 1529 ప్రాంతమున విశ్వనాథనాయకుడు మధురను ఏలుటకు వచ్చిన కాలమునకు అటునిటుగా మన పూర్వులెందరో ఈ నల్లరేగడి నేలలకు వచ్చి స్థిరపడిరి. వారు కత్తిని, నాగలిని మాత్రమే తెచ్చిరా? ఈ ద్రవిడదేశముననే తంజావూరు నాయకరాజులు తెలుగు యక్షగానములను వ్రాసిరి, ఆడించిరి. తిరువయ్యారులో త్యాగరాజస్వామి 'ప్రహ్లాదభక్తివిజయము', 'నౌకాచరిత్రము' అను గేయనాటకములను తెలుగున రచించెను. మొదటిదానిలో సముద్రుడే పాత్రయై వచ్చి ప్రహ్లాదునితో సంభాషించును. సముద్రుని మాటను కీచుగొంతుతో చెప్పింతురా? తంజావూరు సీమలోని మెలట్టూరులో వేంకటరామశాస్త్రి రచించిన తెలుగు నాటకములను భాగవతమేళమువారు నృసింహజయంతి సమయమున నేటికిని ఆడుచున్నారు. చూచువారిలో అత్యధికులు తమిళులు. ఆ 'ప్రహ్లాదచరిత్రము'లో హిరణ్యకశిపుని గర్జనకు సభ నిశ్శబ్దమగును. కావున మంద్రకంఠమునకు పాత్రలు మనవారు ఎన్నడో వ్రాసిపెట్టిరి. పాడువానిని తయారుచేయుటయే మనము మరచితిమి.

ఇక మన కాలమునకు వత్తము. ఒపేరా బారిటోనునకు తెలుగున సరితూగువానిని చూపుమన్న మేము మాధవపెద్ది సత్యమును చూపుదుము. గుంటూరు మండలపు వాడు, 1922లో జన్మించినవాడు, రంగస్థలముపై ఆరితేరి చలనచిత్రములకు వచ్చినవాడు. 1957లో విడుదలయైన 'మాయాబజార్'లో ఎస్.వి. రంగారావు ఘటోత్కచుడై పెండ్లివంటకములను ఆరగించు ఘట్టమున వినబడు కంఠము ఆయనదే. ఆ చిత్రముననే దారుకుని వేషమున ఆయన తెరపై కనబడి పాడెను గూడ. 1962లో వచ్చిన 'కులగోత్రాలు'లో పిఠాపురం నాగేశ్వరరావుతో కలిసి జూదరుల పాట పాడి ఆంధ్రదేశమును నవ్వించెను. రాక్షసుడు, హాస్యగాడు, ముదుసలి, వీరందరు ఆయన కంఠముననే పలికిరి. 2000వ సంవత్సరము డిసెంబరులో ఆయన గతించెను. 'మాయాబజార్'కు సంగీతము కూర్చి నాయకులకు పాడిన ఘంటసాలయు 1922లోనే పుట్టినవాడు. ఆ యిద్దరిలో ఎవరు గొప్ప యని అడుగుట అన్నమా, పులుసా యని అడుగుట వంటిది. నాయకుని పాటలేక కథ లేదు, ఘటోత్కచుని గర్జన లేక మాయాబజారే లేదు.

"ఘంటసాల కంఠము గంభీరము గాదా? ఆయనను ఎవరు తక్కువ చేసిరి?" అను ప్రశ్న వచ్చును. మంచిప్రశ్న. ఆయన భగవద్గీత రికార్డు మన యిండ్లలో తెల్లవారుజామున మ్రోగుచుండును. అందులో ఆయన ఎక్కడను గొంతు చించుకొనలేదు. రాగమును పొడిగించి మాటను మ్రింగలేదు. ప్రతి యక్షరము విడిగా వినబడును. ఘంటసాలను పూజించు మనము ఘంటసాల చూపిన మార్గమును మాత్రము పోటీలలో శిక్షించుచున్నాము. ఆయన పటమునకు దండవేసి, ఆ పటము క్రిందనే కూర్చుండి, ఎవరు ఎక్కువ కేక వేసిరని మార్కులు వేయుచున్నాము.

జీవనోపాధి మాట యేమి? పౌరాణిక చిత్రములు తగ్గినవి, పద్యములు తెరపై వినరావు. నిజమే. ప్రతి బాలుడును గాయకుడై సంపాదించునని మేము ఆశపెట్టము. అయినను బరువైన కంఠమునకు విలువ పోలేదు. 1995లో తమిళమున వచ్చిన 'బాషా' చిత్రము తెలుగైనపుడు రజనీకాంత్ పాత్రకు గంభీరమైన తెలుగు పలుకునిచ్చినది సాయికుమార్. హరికథ, ఆకాశవాణి, వ్యాఖ్యానము, చిత్రములకు గొంతునిచ్చుట, ఇవన్నియు మాట స్పష్టముగల మంద్రకంఠమును కోరునవే.

అయితే మాకు దుఃఖము కలిగించునది ఉపాధి విషయము కాదు. మన పిల్లలు ఇంట తెలుగు పలుకుదురు. బడిలో తమిళమును, ఇంగ్లీషును చదువుదురు. తమిళము మనకు అన్నము పెట్టిన భాష, దానిపై మాకు ఫిర్యాదు లేదు. కాని తెలుగు అక్షరములు వ్రాయగల పిల్లలు మన వీధులలో వ్రేళ్లపై లెక్కింపదగినంతమంది. లిపి రానివానికి భాష యొక్క గౌరవరూపము అందు ద్వారము ఒక్కటే, చెవి. పద్యమో, పాటయో, నాటకములోని సంభాషణమో చెవిలో పడి నోటికి రావలెను. ఆ ద్వారమును మగపిల్లవానికి పదునాలుగవ యేట మనమే మూయుచున్నాము. ఆడపిల్లలు పాటలతరగతికి పోవుచునే యున్నారు, మగపిల్లవాడు బొంగురుగొంతువాడను పేరు మోసి వెనుకవరుసకు పోవును. తరువాత వాని తెలుగు, వడ్డింపు మాటలకును వాదులాటకును పరిమితమగును. 'మాయాబజార్' అదే సంవత్సరమున తమిళమునను వచ్చినది. అందు ఘటోత్కచుని పాటను తిరుచ్చి లోకనాథన్ ఎంతో హాయిగా పాడెను. మన పిల్లలకు ఆ తమిళపాట నోటికి వచ్చును, సంతోషమే. మాధవపెద్ది పాడిన తెలుగుపాట ఎంతమందికి వచ్చును? మీ యింటనే అడిగి చూడుడు.

నిందించి ఊరకుండుట మా యుద్దేశము కాదు. సంఘపు పెద్దలకు నాలుగు మనవులు చేయుచున్నాము. ఒకటి: పోటీలో ప్రతివానికి వాని కంఠమునకు తగిన శ్రుతినే పెట్టవలెను. శ్రుతిపెట్టె నేడు ప్రతివాని చేతిఫోనులోనే కలదు. రెండు: పదునాలుగేండ్లు దాటిన మగపిల్లలకు వేరొక విభాగము పెట్టి హిరణ్యకశిపుడు, దుర్యోధనుడు, ఘటోత్కచుడు, దశరథుడు, విదురుడు మున్నగు పాత్రల పద్యములను, సంభాషణములను చెప్పింపవలెను. మూడు: నూటికి 40 మార్కులు ఉచ్చారణకు, 30 భావమునకు, 20 శ్రుతిశుద్ధికి, మిగిలిన 10 మాత్రమే స్థాయికి ఇయ్యవలెను. నాలుగు: కంఠము మారుచున్న బాలుని పాట మాన్పింపక, అరిపింపక, క్రింది స్వరములలో మెల్లగా సాధన చేయింపవలెను. ఈ నాల్గింటికి సంఘమునకు అదనపు వ్యయము లేదు. జీవితమంతయు జమాఖర్చులు వ్రాసినవారము గనుక ఈ మాట లెక్క చూచియే చెప్పుచున్నాము.

రాబోవు ఉగాదినాడు మన పందిటిలో ఎవడైన మీసములు మొలకెత్తుచున్న పిల్లవాడు మైకు ముందుకు వచ్చి తన సహజమైన బరువుగొంతుతో ఒక తెలుగు పద్యము చెప్పినచో, ముందువరుసలోని పెద్దలు ముఖము చిట్లింపక చివరివరకు వినవలెనని మా ప్రార్థన. తరువాత మార్కులు మీ యిష్టము.